పత్తి చేను నుండి నీలి గుడ్డ వరకు
వస్త్రముల తయారీలో రసాయనములు, ఎంజైములు – పత్తి రైతు తెలిసికొనవలసిన సంగతులు

పత్తిని బండికెత్తి మార్కెట్టుకు తోలిన తరువాత దాని సంగతి తమకు పట్టదని చాలమంది రైతులు అనుకొందురు. దూదిని వడకుట, నేయుట, అద్దుట మిల్లుల పని. విత్తుట, కలుపు తీయుట, ఏరుట మన పని. ఈ విధముగా పని పంచుకొనుట సహజమే. కాని చేనులో జరిగిన పొరపాటు అనేక చేతులు మారి, గుడ్డకు రంగు వేయునాడు బయటపడును. అప్పుడు కలుగు నష్టమును మిల్లువారు వ్యాపారి మీదికి, వ్యాపారి రైతు మీదికి నెట్టుదురు. కనుక గుడ్డ ఎట్లు తయారగునో రైతు కొంతవరకైనను ఎరిగియుండుట మంచిది.

గత పంటకాలములో ఒక గ్రామమున జరిగిన రైతుల సమావేశములో ఒక పెద్దాయన లేచి నన్ను ఇట్లు అడిగిరి: "అయ్యా, నాది పొడుగు పింజ రకమే. తేమ కూడ తక్కువే ఉన్నదన్నారు. అయినా పింజలో పస లేదని ధర తగ్గించినారు. దూది దూదే గదా, అందులో పస ఉండటమేమిటి, లేకపోవటమేమిటి?"

ఈ ప్రశ్నకు జవాబు చేనులో కన్న రంగుల తొట్టి దగ్గర స్పష్టముగా కనబడును. కావున ముందుగా దూది గుడ్డయై, ఆ గుడ్డ మెరుగు దిద్దుకొను వరకు జరుగు పనులను వరుసగా చూచి, తరువాత మన చేనునకు తిరిగి వత్తము. ఒక జీన్స్ ప్యాంటుకు సుమారు ఒక కిలో దూది, అనగా ఇంచుమించు 3 కిలోల గింజ పత్తి పట్టును. అందుచేత జీన్స్ గుడ్డను, అనగా డెనిమును, ముఖ్యమైన ఉదాహరణగా తీసికొందము.

పచ్చి దూదిలో ఏమున్నది?

దూదిలో నూటికి సుమారు 90 నుండి 95 పాళ్లు సెల్యులోజు అను పదార్థము. మిగిలినది మైనము, పెక్టిను, మాంసకృత్తులు, ఖనిజ లవణములు. మైనము నూటికి ఒక పాలు కూడ ఉండదు. అయినను అది పోగు పైపొరలో ఉండుటచే నీటిని లోనికి పోనీయదు. ఎండకు వానకు కాయలో విచ్చుకొనియుండు దూదికి ప్రకృతి ఇచ్చిన గొడుగు ఇదియే.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. ఒక గిన్నెలో నీరు పోసి, గింజ తీసిన దూదిని చిటికెడు దానిపై వేయుడు. అది చాలసేపు తేలుచుండును. మందుల దుకాణములో అమ్ము దూదిని అట్లే వేసిన, కొన్ని క్షణములలో నీరు పీల్చుకొని మునిగిపోవును. రెండును పత్తియే. రెండవదానికి మైనము తీసివేసినారు, అంతే భేదము. నీరు చొరని పోగులోనికి రంగు చొరదు. అందుచే రంగు వేయుటకు ముందు ఈ మైనమును తొలగింపక తప్పదు.

గంజి పెట్టుట, గంజి తీయుట

మగ్గము మీద పడుగు దారములు మాటిమాటికి రాపిడి పడి తెగిపోవును. తెగకుండుటకు వానికి గంజి పెట్టుదురు. మన నేతగాండ్రు పడుగును వీధిలో చాచి గంజి పెట్టుట మీరు చూచియే యుందురు. మిల్లులలో మొక్కజొన్న పిండి, కర్ర పెండలపు పిండి మొదలగువానిని వాడుదురు. నేత ముగిసిన పిమ్మట ఈ గంజి అడ్డమగును. గంజియున్న చోట రంగు సరిగా పట్టదు. గుడ్డలో గంజి ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఒక చుక్క టించరు అయొడిను వేసిన చాలును. గంజి ఉన్న చోట నీలిరంగు తేలును.

పూర్వము గుడ్డను నీటిలో ఒక దినము నానవేసి, గంజిని పులియనిచ్చి, ఉతికి తీసెడివారు. లేదా పలుచని ఆమ్లములో ముంచెడివారు. మొదటి పద్ధతికి కాలము పట్టును. రెండవదానిలో ఆమ్లము కొంచెము ఎక్కువైనను పోగు కాలి గుడ్డ బలహీనమగును. నేడు ఈ పనికి ఎమైలేసు అను ఎంజైమును వాడుచున్నారు.

ఎంజైము అనగా ప్రాణులలో పుట్టు ఒక విధమైన మాంసకృత్తు. ఇది ఒక పదార్థమును మరియొక పదార్థముగా మార్చుటలో తోడ్పడును, కాని తాను ఖర్చు కాదు. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క తాళమునకు తగిన చెవి వంటిది. పిండిని కోయునది పిండినే కోయును గాని సెల్యులోజును ముట్టదు. గంజి పోయి పోగు క్షేమముగా నిలుచుటకు కారణమిదియే.

ఎమైలేసు మీ ఇంటిలోనే ఉన్నది. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, విసరిన పిండిని ఒక చెంచాడు తీసికొనుడు. చిక్కని గంజి గోరువెచ్చగా నున్నప్పుడు దానిలో కలిపి కొంతసేపు ఉంచుడు. గరిటె నిలిచిన గంజి నీళ్లవలె జారిపోవును. మొలకెత్తు గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకొని మొక్కకు ఆహారమిచ్చుటకై ఎమైలేసును పుట్టించును. బార్లీ మొలకలలోని ఈ శక్తిని 1833 లో ఫ్రాన్సు దేశమున పాయెన్, పెర్సో అను శాస్త్రజ్ఞులు మొదటిసారి వేరుచేసి చూపిరి. బట్టల పనికి మొదట మొలకల సారమునే వాడిరి. తరువాత సూక్ష్మజీవుల నుండి ఎమైలేసును తీయు పద్ధతులు వచ్చినవి. సాధారణ రకములు 60 నుండి 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో చక్కగా పనిచేయును. అంతకు మించిన వేడికి తట్టుకొను రకములు కూడ కలవు.

మైనము తీయుట, తెలుపు చేయుట

గంజి పోయిన పిమ్మట మైనమును, పెక్టినును తీయవలెను. దీనికి పాత పద్ధతి కాస్టిక్ సోడా నీటిలో గుడ్డను ఉడికించుట. ఇది గట్టి పద్ధతియే. కాని చాల వేడి కావలెను, తరువాత సోడా పోవు వరకు పలుమార్లు కడుగవలెను, కడిగిన నీరంతయు క్షారమయమగును. కొత్త పద్ధతిలో పెక్టినేసు అను ఎంజైమును వాడుదురు. మైనమును పోగునకు అంటించి పట్టుకొనియుండునది పెక్టినే. గోడకు సున్నము ఊడిన దానిపై వేసిన రంగు కూడ ఊడునట్లు, పెక్టిను కరగినచో మైనము వదలును. ఈ పని 50 నుండి 60 డిగ్రీల వేడిలోనే జరుగును. అయితే గింజ పొట్టు ముక్కలను ఈ ఎంజైము పూర్తిగా తీయలేదు. పత్తిలో చెత్త ఎక్కువైనచో మిల్లువారు తిరిగి కాస్టిక్ సోడానే ఆశ్రయింపవలసివచ్చును. శుభ్రమైన పత్తి అవసరము ఇక్కడనే మొదలగుచున్నది.

తెలుపు చేయుటకు హైడ్రోజన్ పెరాక్సైడును వాడుదురు. తెలుపైన పిమ్మట పెరాక్సైడు కొంచెము మిగిలినను తరువాత వేయు రంగును చెరచును. దానిని విరుగగొట్టుటకు కాటలేసు అను ఎంజైమును కలుపుదురు. కోసిన బంగాళాదుంప మీద పెరాక్సైడు వేసిన నురుగు పొంగును. ఆ నురుగు దుంపలోని కాటలేసు చేసిన పనియే. పెరాక్సైడు నీరుగా, ప్రాణవాయువుగా విడిపోవును. పూర్వము దీని కొరకు రెండు మూడు మారులు కడిగెడి నీరు ఇప్పుడు మిగులుచున్నది.

నూలుకు నిగనిగ తెచ్చు మరియొక పద్ధతి గలదు. 1844 ప్రాంతమున ఇంగ్లాండులో జాన్ మెర్సర్ అను అద్దకపు పనివాడు చిక్కని కాస్టిక్ సోడాలో నూలు పోగు ఉబ్బి, రంగును ఎక్కువగా పట్టుకొనుటను గుర్తించి, 1850 లో హక్కు పొందెను. 1890 ప్రాంతమున హొరేస్ లో అనునతడు, గుడ్డను బిగించి లాగి పట్టి ఈ పని చేసిన పట్టు వంటి మెరుపు వచ్చునని కనుగొనెను. మెర్సరైజ్ చేసిన నూలు అని దుకాణములలో చెప్పునది ఇదియే.

నీలిరంగు కథ

డెనిములో పడుగు నీలము, పేక తెలుపు. అందుచే గుడ్డ పైభాగము నీలముగను, లోపలి భాగము తెల్లగను ఉండును. ఈ నీలిరంగు మన రైతులకు పరాయిది కాదు. నీలిమందు మొక్కను ఒకప్పుడు కడప, నెల్లూరు, కృష్ణా మొదలగు జిల్లాలలో విరివిగా పండించిరి. ఆకును తొట్లలో నానవేసిన, ఆకులోని ఎంజైమే పని ప్రారంభించి ఇండికాను అను పదార్థమును విడగొట్టును. ఆ నీటిని బాగుగా చిలికి గాలి తగిలించిన నీలిమందు అడుగున దిగును. తొట్టిలో మిగిలిన ఆకును పొలమునకు ఎరువుగా వేసెడివారు. జర్మనీ దేశమున 1897 లో కృత్రిమ నీలి అమ్మకమునకు వచ్చిన తరువాత మన నీలి సాగు త్వరలోనే క్షీణించినది. ఇప్పుడు డెనిమునకు వాడు నీలిలో దాదాపు అంతయు కృత్రిమమైనదే.

నీలిమందు నీటిలో కరగదు. కాస్టిక్ సోడా, సోడియం హైడ్రోసల్ఫైటు కలిపిన తొట్టిలో అది పసుపుపచ్చని ద్రవముగా మారును. దారమును అందులో ముంచి పైకెత్తిన, గాలి తగిలి కన్నుల ఎదుటనే నీలముగా తిరుగును. ఇట్లు అనేకసారులు ముంచి ఎత్తుదురు. రంగు దారము పైపొరలోనే నిలుచును, నడిమి భాగము తెల్లగానే యుండును. అడ్డముగా కోసి చూచిన నీలపు ఉంగరము మధ్య తెల్లని చుక్క కనబడును. జీన్స్ వాడినకొలది తెల్లబారుటకు రహస్యమిదియే. పైపొర అరగినకొలది లోని తెలుపు బయటపడును.

రాయి చేసిన పనిని బూజు చేయుట

సరికొత్త జీన్సునే పాతదానివలె కనబడునట్లు చేయు అలవాటు 1970, 1980 దశకములలో ప్రబలినది. అందుకు ప్యూమిస్ అను తేలికైన అగ్నిపర్వతపు రాళ్లను బట్టలతో కలిపి పెద్ద యంత్రములలో దొర్లించెడివారు. రాళ్లు రాచి రంగును లేపును. కాని అవి యంత్రమును అరగదీయును, పొడియై జేబులలో చేరును, కాలువలను పూడ్చును, గుడ్డ అంచులను చింపును.

1980 దశకము చివర రాళ్లకు బదులు సెల్యులేసు అను ఎంజైము వాడుకలోనికి వచ్చినది. దీని పుట్టుక విచిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో పసిఫిక్ మహాసముద్రపు దీవులలో అమెరికా సైన్యము వేసికొన్న నూలు డేరాలు, దుస్తులు త్వరగా చివికిపోజొచ్చినవి. కారణము వెదకగా ఒక శిలీంధ్రము దొరికినది. దానిని పరిశోధించిన ఎల్విన్ రీస్ పేర దానికి తరువాత ట్రైకోడెర్మా రీసై అని నామకరణము చేసిరి. శనగ, వేరుశనగ విత్తనములకు మీరు పట్టించు ట్రైకోడెర్మాకు ఇది దాయాది. గుడ్డను తిని నష్టపరచిన బూజునే నేడు తొట్లలో పెంచి, దాని ఎంజైమును గుడ్డకు మెరుగు పెట్టుటకు వాడుచున్నారు.

సెల్యులేసు దారము పైనున్న సన్నని నూగును కోయును. నూగుతో పాటు దానికి అంటిన నీలి కూడ రాలును. ఆమ్ల రకమునకు ఉదజని సూచిక 4.5 నుండి 5.5 వరకు, వేడి సుమారు 50 డిగ్రీలు, కాలము అరగంట నుండి గంట వరకు కావలెను. పని ముగియగానే నీటిని క్షారముగా మార్చి, వేడిని 80 డిగ్రీలకు పెంచి ఎంజైమును చంపవలెను. లేనిచో అది ఆగక పోగును తినుచునే యుండును. ఈ ఎంజైమునే రంగు వేయని లేక లేత రంగు గుడ్డలకు కొలదిగా వాడిన, గుడ్డ మీద ఉండలు కట్టక నునుపుగా నుండును. ఈ మెరుగు ఉచితముగా రాదు. గుడ్డ బరువులో నూటికి 3 నుండి 5 పాళ్ల వరకు పోవుట, బలము కొంత తగ్గుట మామూలు.

ఇక్కడ రైతు గమనింపవలసిన సంగతి ఒకటి గలదు. మిల్లులో కొలతవేసి వాడు ఈ ఎంజైమునే, తడిసిన పత్తి కుప్పలో పెరుగు బూజులు, సూక్ష్మజీవులు కొలత లేకుండ విడుచును. తడి పత్తిని కుప్పవేసిన లోపల వేడెక్కి, రంగు మారి, పింజ బలము చచ్చును. అట్టి దూదికి ఏ మెరుగును పనికిరాదు.

పనివారికి గల అపాయములు

ఎంజైము చేయలేని చోట ఇంకను రసాయనములనే వాడుచున్నారు. మోకాళ్ల వద్ద తెల్లని మచ్చ కొరకు పొటాషియం పర్మాంగనేటు చల్లుదురు. మొత్తముగా తెల్లబరచుటకు సోడియం హైపోక్లోరైటు వాడుదురు. కొన్నిచోట్ల ఇసుకను గాలితో కొట్టెడివారు. ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తులలో చేరి నయము కాని సిలికోసిస్ వ్యాధిని కలిగించినందున టర్కీ దేశము 2009 లో ఈ పద్ధతిని నిషేధించినది. లక్కేసు అను ఎంజైము నీలిని మాత్రమే విరిచి సెల్యులోజును విడిచిపెట్టును. ఓజోను వాయువు, లేజరు కిరణములు కూడ నేడు ఈ పనికి వచ్చినవి.

అనంతపురము జిల్లాలోని రాయదుర్గము, దాని పొరుగుననున్న బళ్లారి జీన్స్ పనికి పేరు పొందిన ఊళ్లు. పంట లేని కాలములో మన పల్లెల యువకులు ఇట్టి పనులకు పోవుచుందురు. పర్మాంగనేటు చల్లువారు ముక్కునకు తగిన ముసుగు, చేతులకు తొడుగులు లేకుండ పని చేయరాదు. ఎంజైము పొడి కూడ పీల్చిన కొందరికి ఉబ్బసము తెచ్చును. సహజ పదార్థము గదా యని ఉపేక్షింపరాదు. ఇంటి నుండి పనికి పోవు పిల్లలకు ఈ మాట చెప్పుట పెద్దల విధి.

చేనులోని లోపము తొట్టిలో తేలుట

ఇక పెద్దాయన ప్రశ్నకు వత్తము. పువ్వు పూచిన నాటి నుండి కాయ విచ్చు వరకు సుమారు 45 నుండి 50 దినములు పట్టును. మొదటి 20, 25 దినములలో పోగు పొడవు సాగును. తరువాతి దినములలో పోగు లోపల సెల్యులోజు పొరమీద పొరగా చేరి గోడ దళసరియగును. పొడవు మొదటి సగములో, పస రెండవ సగములో వచ్చునన్నమాట. రెండవ సగములో మొక్కకు నీరు, పొటాషు చాలకపోయినను, ఆకు ముందే రాలినను, చలి ముదిరినను పోగు పొడవుగానే యుండి గోడ పలుచనగును. ఊదని తిత్తివలె చదునై మెలికలు పడును.

ఈ లోపమును మైక్రోనేరు అను కొలతతో పట్టుదురు. నిర్ణీత బరువు గల దూదిలోనికి గాలిని పంపి చూతురు. పలుచని పోగులు అదే బరువులో ఎక్కువ సంఖ్యలో ఉండి గాలిని అడ్డగించును. అంకె తగ్గును. అంతర్జాతీయ వ్యాపారములో 3.5 నుండి 4.9 వరకు సాధారణముగా అంగీకరింతురు. మన దేశములో మద్దతు ధర ప్రకటించునప్పుడును పింజ పొడవుతో పాటు మైక్రోనేరును లెక్కింతురు.

పలుచని పోగులు వడకునప్పుడు చిక్కుపడి చిన్న చిన్న ఉండలగును. రంగు వేయగా మిగిలిన గుడ్డ ముదురు రంగు పట్టి, ఆ ఉండలు తెల్లని చుక్కలవలె మెరయును. మెర్సరైజింగు చేసిన సగము పండిన పోగులు ఉబ్బి కొంత రంగు పట్టును. బొత్తిగా పండని పోగులకు ఉబ్బుటకు గోడయే లేదు. సెల్యులేసు నూగును కోయును గాని లేని సెల్యులోజును పుట్టింపజాలదు. పైమెరుగు ఎంత గొప్పదైనను చేనులో నిండని పోగును నింపలేదు.

ఆ పెద్దాయన సాగు వివరములు విచారింపగా సంగతి తేటపడినది. వారు ఆలస్యముగా విత్తిరి. ఆకులు ఎర్రబడినను పట్టించుకొనలేదు. పొటాషు వేయలేదు. రెండవ పంటకు తొందరపడి, చివరి కొమ్మలలోని సగము విచ్చిన కాయలను కూడ కోసి అన్నియు ఒకే కుప్పగా పోసిరి. క్రింది కొమ్మల మంచి పత్తి కూడ ఆ చివరి పత్తి ధరకే పోయినది. వారి కష్టములో సగము ఆ కలుపుటవలననే పోయినదని చెప్పినప్పుడు వారు కొంతసేపు మాటాడక, "ముందే తెలిసియుంటే రెండు కుప్పలు పోసేవాణ్ణి" అని మాత్రము అనిరి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము.

ఇట్లే తొట్టిలో తేలు లోపములు మరి రెండు గలవు. మొదటిది జిగురు. పేనుబంక, తెల్లదోమ విసర్జించు తేనె వంటి చక్కెర ద్రవము విచ్చిన దూదిపై పడి, వడకు యంత్రముల రోలర్లకు అంటుకొని దారమును తెంపును. దానిపై నల్లబూజు కూడ పెరుగును. మైనము తీయు ఎంజైములు వచ్చునది గుడ్డ నేసిన తరువాత. ఈ జిగురు చెరచునది వడకునప్పుడే. రెండవది ప్లాస్టిక్ దారము. యూరియా సంచి నుండి ఊడిన ఒక్క పోగు జిన్నింగులో, వడకుటలో చీలి వందల ముక్కలై దారములో కలియును. నూలు రంగు దానికి పట్టదు. అద్దిన తరువాత గుడ్డ మీద తెల్లని గీతగా కనబడును. ఆ గుడ్డను రెండవ రకముగా తీసివేయుదురు. ఏ రసాయనమును, ఏ ఎంజైమును దానిని కరిగింపదు.

అద్దకపు నీటిని పొలమునకు పారించవచ్చునా?

అద్దకపు శాలల దగ్గరి రైతులు నీటి ఎద్దడిలో ఈ ప్రశ్న అడుగుచుందురు. ఎంజైములతో పని చేసిన శాల నీరు మంచిదేనని కొందరు చెప్పుదురు. ఇది సగము నిజము. ఎంజైము వలన కాస్టిక్ సోడా, కడుగు నీరు తగ్గును. కాని కరగిన గంజి నీటిలోనే యుండి కుళ్లును. నీలి తొట్టిలోని సోడియం లవణములు అట్లే యుండును. ఇతర నూలు రంగులను పట్టించుటకు లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేయుదురు. ఆ ఉప్పును ఏ ఎంజైమును తినదు.

లెక్క వేసి చూడుడు. లవణ సూచిక 4 డెసీ సీమన్లు గల నీటిలో లీటరుకు సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉండును. ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి ఇచ్చుటకు సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. అనగా ఒక్క తడితో 5 క్వింటాళ్ల ఉప్పును మీ చేతులతో పొలములో చల్లినట్లగును. నేల తడిలో లవణ సూచిక 3 దాటిన వరి దిగుబడి తగ్గజొచ్చును. పత్తి 7.7 వరకు తట్టుకొనును. పత్తి ఓర్చుకొన్నదని సంతోషింపరాదు. నల్లరేగడిలో సోడియము చేరి మట్టి చెదిరి, నీరు ఇంకక, నేల కారుచౌడుగా మారును. సోడియము ఎక్కువైన నేలకు జిప్సం పనిచేయును. కాని ఉప్పును కడిగివేయుటకు మంచినీరు, ఆ నీరు పోవుటకు మురుగు కాలువ లేనిచో జిప్సం ఒక్కటియే చాలదు.

తమిళనాడులోని నొయ్యల్ నది కథ మనకు గుణపాఠము. సాగునీటి కొరకు ఆ నదిపై కట్టిన ఒరత్తుపాళయం జలాశయము 1992 లో వాడుకలోనికి వచ్చినది. ఎగువనున్న తిరుప్పూరు అద్దకపు శాలల ఉప్పునీరు చేరి, అది రైతులకు పనికిరాకుండ పోయినది. బావుల నీరు చెడినది. రైతులు న్యాయస్థానమునకు పోగా, వ్యర్థజలమును బయటికి విడువరాదన్న ఆజ్ఞను పాటింపని శాలలను మూయవలెనని 2011 లో మద్రాసు హైకోర్టు ఆదేశించినది. నేల చెడుటకు కొన్ని సంవత్సరములు చాలును. బాగుపడుటకు ఒక తరము పట్టవచ్చును.

రైతులు చేయవలసిన పనులు

1. తొలకరిలో తగిన తడి చూచుకొని సకాలములో విత్తవలెను. ఒక చేనులో ఒకే రకమును వేయుట మంచిది. పింజ పొడవు వేరైన రకములను కలిపిన రెండింటికిని ధర తగ్గును.

2. భూసార పరీక్ష ప్రకారము పొటాషును తప్పక వేయవలెను. నత్రజని మితిమీరిన కాపు ఆలస్యమగును, పేనుబంక, దోమ పెచ్చుపెరుగును. కాయ ఊరు దశలో అవసరమైన లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు చల్లవచ్చును. మెగ్నీషియము లోపముచే ఆకులు ఎర్రబడిన, లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు చల్లవలెను.

3. కాయలు విచ్చు కాలములో పేనుబంక, తెల్లదోమలను కనిపెట్టియుండవలెను. ఆకులపై జిగురు మెరసిన వెంటనే తగు చర్య తీసికొనవలెను.

4. ఉదయపు మంచు ఆరిన తరువాత, పూర్తిగా విచ్చిన కాయల నుండియే పత్తిని ఏరవలెను. ముందు క్రింది కొమ్మలు, తరువాత పైకొమ్మలు ఏరిన ఎండుటాకు పత్తిలో రాలదు.

5. మొదటి ఏరుళ్ల పత్తిని, చివరి ఏరుడు పత్తిని వేరువేరు కుప్పలుగా నుంచవలెను. పురుగు తిన్నది, మచ్చ పడినది, తడిసినది మూడవ కుప్ప. ఖర్చు లేని పని ఇది, ఓపిక ఒక్కటి చాలును.

6. ఎరువుల సంచులు, ప్లాస్టిక్ తాళ్లు పత్తి దరికి రానీయరాదు. ఒడికి, మూటకు నూలుగుడ్డనే వాడవలెను. ఏరువారు తలకు నూలుగుడ్డ కట్టుకొనిన వెంట్రుకలు కలియవు. కూలివారికి రెండు మూడు పాతచీరెలు ఇచ్చుట నష్టము కాదు, కాని అవి రంగు వదలని నూలువై యుండవలెను.

7. తేమ 8 శాతమునకు తగ్గునట్లు శుభ్రమైన గచ్చుపై ఆరబెట్టవలెను. భారత పత్తి సంస్థ 8 శాతమునకు పూర్తి మద్దతు ధర ఇచ్చి, 12 శాతము వరకు తగ్గింపుతో కొనును. బరువు కొరకు నీరు చల్లుట పింజను చంపుటయే.

8. ఒక్కని మంచి పత్తి మార్కెట్టు కుప్పలో కలిసిపోయి గుర్తింపు పొందకపోవచ్చును. ఒకే రకము వేసిన పదిమంది కలిసి, వేరుచేసిన శుభ్రమైన పత్తిని ఒకే లాటుగా పెట్టి, పరీక్ష చేయించి అమ్మిన బేరమునకు బలము వచ్చును.

9. అద్దకపు శాల దగ్గరి బావి, కాలువ నీటిని పరీక్ష చేయింపక పారించరాదు. లవణ సూచికతో పాటు మిగులు సోడియం కార్బొనేటును కూడ చూపించుకొనవలెను. ఇది లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపున్న క్షేమము, 2.5 దాటిన వాడరాదు. ఒక్క పరీక్షతో తృప్తిపడక, వేసవిలో ఒకమారు, వర్షముల తరువాత ఒకమారు చేయించవలెను. నమూనా తీసిన తేదీని వ్రాసి ఉంచుకొనిన, మున్ముందు వివాదము వచ్చినచో అదే సాక్ష్యము.

రాళ్లు పోయి ఎంజైములు వచ్చినవి, కాస్టిక్ సోడా వాడకము కొన్నిచోట్ల తగ్గినది. ఇంకను మేలైన పద్ధతులు వచ్చును. కాని ఆ పనులన్నియు ఉన్న పోగును శుభ్రపరచుటకు, నునుపు చేయుటకు, రంగు దిద్దుటకు మాత్రమే. పోగులో పస నింపు పని, కాయ ఊరు ఆ ఇరువదియైదు దినములలో, చేనులో రైతు చేతిమీదనే జరుగవలెను. ఈ ఏడు పత్తి విచ్చునప్పుడు రెండు కుప్పలకు చోటు ముందుగానే చూచి పెట్టుకొనుడు.